గువ్వల గుంపు నడవడిని అర్థం చేసుకోవడం ఎలా?

గువ్వలు ఎక్కడ వాలతాయి, ఏ వేళకు వస్తాయి, ఏ దారిన తిరిగి వెళతాయి అన్న సంగతులను అందరికంటే నిశితంగా పట్టించుకున్నవారు వేటగాళ్లు. అమెరికాలో ఈనాటికీ చాలా రాష్ట్రాల్లో సెప్టెంబరు 1న గువ్వల వేట కాలం మొదలవుతుంది. అక్కడి వేటగాడు అంతకు ముందే పొద్దుతిరుగుడు చేలను, నీటి గుంటలను, పక్షులు రాత్రి తలదాచుకునే చెట్ల వరుసలను చూసి పెట్టుకుని, వాటి మధ్య అవి రాకపోకలు సాగించే దారి ఏదో కనిపెట్టి, ఆ దారి పక్కన కాపు వేస్తాడు. ఆ విద్యలో తుపాకీ పాత్ర చివరి క్షణానిది మాత్రమే. మిగిలినదంతా ఓపికతో కూడిన పరిశీలన. ఆ పరిశీలనను హైదరాబాద్ పరిసరాల్లో బైనాక్యులర్‌తో, కెమెరాతో, నోటు పుస్తకంతో ఎలా నేర్చుకోవచ్చో ఇక్కడ వివరిస్తాను.

తుపాకీని పక్కన పెట్టడం మన ఇష్టాయిష్టాలకు సంబంధించిన విషయం కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మన గువ్వలకు రక్షణ కల్పిస్తోంది. ఆ చట్టం దృష్టిలో వేట అంటే కాల్చి చంపడం ఒక్కటే కాదు. వల పన్నడం, ఉచ్చు పెట్టడం, ఎర వేసి పట్టుకోవడం, తరమడం, గూళ్లను, గుడ్లను పాడుచేయడం, ఇలాంటి ప్రయత్నం చేయడం కూడా వేట కిందికే వస్తాయి. 2022 సవరణ తరువాత సాధారణ ఉల్లంఘనకు సైతం మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించే వీలుంది. అందుచేత ఫొటో కోసం గుంపును కావాలని లేపడం, గింజలు చల్లి వలలోకి రప్పించడం వంటి పనుల గురించి ఎవరైనా మీకు సలహా ఇస్తే వినవద్దు.

ముందుగా, ఏ గువ్వను చూస్తున్నారో తేల్చుకోండి

గుంపు కట్టే తీరు జాతిని బట్టి మారుతుంది కనుక, పేరు తేల్చుకోకుండా నడవడి గురించి ఏం రాసుకున్నా అది తరువాత పనికిరాదు. నగరంలో, దాని చుట్టూ ఉన్న పల్లెల్లో మీకు తరచుగా కనిపించేవి నాలుగు రకాల గువ్వలు. వాటికి తోడు మామూలు బూడిద రంగు పావురం ఎలాగూ ఉంటుంది.

చిట్టి బెళ్ల గువ్వ అన్నిటికంటే పరిచయమైన పక్షి. ఇటుక ఛాయ కలిసిన గోధుమ రంగు ఒళ్లు, రెక్క మడిచినప్పుడు అంచున కనిపించే నీలి బూడిద రంగు, గొంతు ముందు భాగంలో నల్లని చుక్కలు దీని గుర్తులు. బాల్కనీ గ్రిల్ మీద, ఏసీ యూనిట్ వెనుక నాలుగు పుల్లలు పేర్చి గుడ్లు పెట్టేది చాలావరకు ఇదే. పొడ బెళ్ల గువ్వకు మెడ వెనుక నల్లని పట్టీ మీద తెల్లని చుక్కలు ఒత్తుగా ఉంటాయి. చెట్లు, నీడ ఉన్న చోటంటే దీనికి ఇష్టం. పెద్ద బెళ్ల గువ్వ లేత బూడిద రంగులో, మెడ వెనుక సన్నని నల్లని వంకతో, బయలు పొలాల్లో, కరెంటు తీగల మీద కనిపిస్తుంది. నాలుగోది ఎర్ర గువ్వ. మిగిలిన మూడింటికంటే చిన్నది, తోక పొట్టిగా ఉంటుంది, మగదాని ఒళ్లు ఇటుక ఎరుపు, తల బూడిద రంగు. ఆడది మాత్రం గోధుమ రంగులో ఉండి పెద్ద బెళ్ల గువ్వకు చిన్న నకలులా కనిపిస్తుంది కనుక తొందరపడి పేరు రాయకండి.

పిల్ల పక్షులు కూడా కొత్తవారిని తికమక పెడతాయి. చిట్టి బెళ్ల గువ్వ పిల్లకు గొంతు మీద చుక్కలు, పొడ బెళ్ల గువ్వ పిల్లకు మెడ మీద చుక్కలు, పెద్ద బెళ్ల గువ్వ పిల్లకు మెడ మీద నల్లని వంక ఇంకా ఏర్పడి ఉండవు. గుంపులో మెడ మీద గుర్తు లేని పక్షులు ఎన్ని ఉన్నాయో విడిగా లెక్కించండి. ఆ మధ్యకాలంలో చుట్టుపక్కల గూళ్లు ఎంతవరకు ఫలించాయో ఆ లెక్క స్థూలంగా చెబుతుంది.

ఇక నడవడిలో తేడా. చిట్టి బెళ్ల గువ్వ, పొడ బెళ్ల గువ్వ ఎక్కువగా జంటలుగా, నాలుగైదు పక్షుల జట్టుగా తిరుగుతాయి. మేత దండిగా దొరికిన చోట మాత్రమే పెద్ద సంఖ్యలో చేరతాయి. పెద్ద బెళ్ల గువ్వ, ఎర్ర గువ్వ కోతల తరువాత పొలాల్లో కలిసి మేస్తూ పెద్ద గుంపులు కడతాయి. పావురం మాత్రం గూడు, మేత, ఎగరడం అన్నీ గుంపుతోనే సాగించే పక్షి. మొజంజాహీ మార్కెట్ దగ్గరో, మక్కా మసీదు ఆవరణలోనో పావురాలను చూసి నేర్చుకున్న సూత్రాలను పొలంలో గువ్వలకు నేరుగా అంటగట్టకూడదు. డేగ వచ్చినప్పుడు పావురాలు గాలిలో దగ్గరగా ముద్ద కట్టి వలయాలు తిరుగుతాయి. గువ్వలు తలో దిక్కుకు చెదిరి చెట్లలోకి దూరిపోతాయి.

రోజువారీ వేళలను పట్టుకోండి

గువ్వ రోజు నాలుగు అవసరాల మధ్య సాగుతుంది: మేత, నీరు, విశ్రాంతి, రాత్రి బస. గుంపు అనేది తనంతట తాను ఏర్పడే వస్తువు కాదని, ఈ నాలుగింటిలో ఏదో ఒకటి కొద్ది చోట్లకు పరిమితమైనప్పుడు పక్షులు అక్కడికి చేరడం వల్ల ఏర్పడేదని నా అభిప్రాయం. ఈ ఒక్క సంగతి గట్టిగా మనసులో పెట్టుకుంటే మీరు గుంపు కోసం వెతకడం మానేసి, గుంపును తయారుచేసే చోటు కోసం వెతకడం మొదలుపెడతారు. ఫలితం అక్కడే ఉంటుంది.

వెలుతురు రాగానే పక్షులు రాత్రి బస చేసిన చెట్ల పై కొమ్మలకు చేరి కొంతసేపు కదలకుండా కూర్చుంటాయి. తరువాత మేతకు దిగుతాయి. గువ్వ గింజలను అక్కడికక్కడే అరిగించుకోదు. ముందు గొంతు కింది సంచిని గబగబా నింపుకుని, ఆ తరువాత నీడ చెట్టు మీదో, తీగ మీదో కూర్చుని తీరిగ్గా జీర్ణం చేసుకుంటుంది. అందుకే ఉదయం మేత జోరుగా సాగి, ఎండ ముదిరే వేళకు పొలం ఖాళీ అయిపోతుంది. మళ్లీ సాయంత్రం ఎండ తగ్గాక రెండో విడత మేత, దారిలో నీరు, చీకటి పడకముందే బస చెట్టుకు చేరడం జరుగుతాయి. హైదరాబాద్‌లో డిసెంబరు చివర పొద్దు పొడవడం దాదాపు ఆరున్నర దాటాకే. మే నెలలో ఆరు కాకముందే వెలుతురు వచ్చేస్తుంది. గడియారం వేళకు కాకుండా సూర్యోదయానికి ముందే స్థలంలో ఉండేలా ప్రయాణం వేసుకోండి. నగరం నుంచి చేవెళ్ల వైపో, శంకర్‌పల్లి వైపో వెళ్లేవారు చీకటితోనే బయలుదేరాలి.

ఈ వేళలు గూడు కట్టిన జంటలకు వర్తించవు. గుడ్లు సాధారణంగా రెండు ఉంటాయి. పగటి మధ్యభాగంలో మగది, సాయంత్రం నుంచి మరునాటి ఉదయం దాకా ఆడది పొదుగుతాయి. కనుక ఉదయం పొద్దెక్కాక ఒంటరిగా, నేరుగా, వేగంగా ఎగిరిపోయే గువ్వ గుంపు నుంచి తప్పిపోయినదని అనుకోకండి. అది గూటి దగ్గర వంతు మార్చుకోవడానికి వెళుతూ ఉండవచ్చు. మన దగ్గర గువ్వలు ఏడాదిలో దాదాపు అన్ని నెలల్లోనూ గుడ్లు పెడతాయి కాబట్టి, ఏ రోజు చూసినా గుంపులో ఉన్నవి ఆ ప్రాంతంలోని గువ్వలన్నీ కావు.

మేత ఉన్న నేలను గుర్తించండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు, ఎక్కువ మంది నిర్లక్ష్యం చేసే మెట్టు కూడా. కోడిలాగా గువ్వ కాళ్లతో నేలను గీరి గింజలు వెలికి తీయదు. పైకి కనిపిస్తున్న గింజను మాత్రమే ఏరుకుంటుంది, మహా అయితే ముక్కుతో ఎండుటాకును పక్కకు తోస్తుంది. ఒత్తుగా గడ్డి పెరిగిన చోట గింజలు ఎన్ని రాలినా దానికి ఉపయోగం లేదు, పైగా గడ్డిలో పిల్లి నక్కి ఉన్నా కనిపించదు. పొట్టి కాళ్ల పక్షికి నాలుగు దిక్కులూ కనిపించే బోసి నేల కావాలి, దాని మీద గింజ కావాలి, పక్కనే పారిపోయి వాలడానికి చెట్టో తీగో కావాలి. ఈ మూడూ కలిసిన చోటును దూరం నుంచి చూసి చెప్పగలిగితే సగం విద్య వచ్చినట్లే.

మన చుట్టూ ఈ మూడూ కలిసే కాలాలు స్పష్టంగా ఉన్నాయి. వానాకాలం వరి కోతలు అక్టోబరు చివరి నుంచి డిసెంబరు దాకా సాగుతాయి. కోత యంత్రం వెళ్లిపోయిన మడిలో కొయ్యకాళ్ల మధ్య రాలిన వడ్లు ఉంటాయి. అయితే నేల ఇంకా బురదగా ఉంటే గువ్వలు రావు. కొంగలు, గొరవంకలు మాత్రమే దిగుతాయి. నేల ఆరి, పగుళ్లు వచ్చి, కొయ్యకాళ్లు ఒరిగిన తరువాతే గువ్వల వంతు. యాసంగి జొన్న కోతలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి. యాసంగి వరి ఏప్రిల్, మే నెలల్లో. జొన్న చేను నిలబడి ఉన్నప్పుడు కంకి మీద వాలి తినేవి చిలుకలు, పిచ్చుకలు. గువ్వ కింద రాలిన గింజల దగ్గర ఉంటుంది. పంట నష్టం గురించి గువ్వలను తిట్టే రైతులతో మాట్లాడేటప్పుడు ఈ తేడాను పొలంలోనే చూపించండి. అయితే విత్తనం పైపైన చల్లి మట్టి కప్పకుండా వదిలిన చోట మాత్రం రైతు ఫిర్యాదు నిజమే.

కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోసిన చోట్లను విడిచిపెట్టకండి. మొయినాబాద్ దాటాక ఊళ్ల అంచుల్లో, సర్వీసు రోడ్ల పక్కన టార్పాలిన్ల మీద వడ్లు పరిచి ఉంటాయి. గువ్వలు కుప్ప మీదికి రావు. మనిషి కాలు, వాహనం చక్రం తగలని అంచు వెంబడి, టార్పాలిన్ మడత దగ్గర, గాలికి కొట్టుకుపోయిన గింజలు పోగుపడిన కంకర మీద మేస్తాయి. ఆ కంకరకు మరో ఉపయోగం ఉంది. గువ్వకు పళ్లు లేవు కనుక, మింగిన చిన్న చిన్న రాళ్లు దాని కండర సంచిలో గింజను నూరుతాయి. గింజలేమీ లేని మట్టి రోడ్డు మీద పొద్దున్నే గువ్వలు దించిన తల ఎత్తకుండా ఏరుకుంటూ ఉంటే, అవి ఏరుకునేది ఆ రాళ్లనే.

నగరం దాటి వెళ్లే వీలు లేనివారికి ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రాంగణం, గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయం, రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం చుట్టూ ఉన్న పొలాలు బాగుంటాయి. ప్రవేశానికి అనుమతి అవసరమైన చోట ముందుగా అడగండి. కేబీఆర్ ఉద్యానంలో పొడ బెళ్ల గువ్వలు కాలిబాట మీదే కనిపిస్తాయి గాని, అక్కడ పెద్ద గుంపులను ఆశించవద్దు.

నీటి దగ్గర కూర్చోవడం

ఎండు గింజలు తినే పక్షి నీరు లేకుండా ఉండలేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు కురిసే రోజుల్లో ప్రతి గుంటలోనూ నీరుంటుంది కాబట్టి పక్షులు ఎక్కడికక్కడ చెదిరి ఉంటాయి. ఆ నెలల్లో నీటి దగ్గర కాపు వేయడం వృథా. ఏప్రిల్, మే నెలల్లో చిన్న కుంటలు ఎండిపోయి, మిగిలిన ఒకటి రెండు చోట్లకు చుట్టుపక్కల గువ్వలన్నీ రావలసి వచ్చినప్పుడు కూర్చోవాలి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వంటి పెద్ద జలాశయాల్లో కూడా గువ్వ దిగే చోట్లు కొన్నే ఉంటాయి. తుంగ పెరిగిన ఒడ్డు, నిటారు గట్టు దానికి పనికిరావు. నీరు వెనక్కి తగ్గి, నేల చదునుగా, ఏటవాలుగా, బోసిగా ఉన్న ఒడ్డు కావాలి. పశువులు నీళ్లు తాగే రేవులు సరిగ్గా అలాగే ఉంటాయి. ముందు వాటినే చూడండి.

గువ్వ నీరు తాగే తీరును దగ్గరగా చూడవలసిందే. నేరుగా నీటి అంచున వాలదు. కొంచెం ఎగువన వాలి, మెడ నిక్కించి కాసేపు నిలబడుతుంది. తరువాత గునగునా నడిచి వచ్చి, ముక్కును దాదాపు మొదలంటా నీటిలో ముంచి, తల ఎత్తకుండా ఒకే పట్టున పీల్చుకుంటుంది. గొంతు దగ్గర ఈకలు అలల్లా కదలడం బైనాక్యులర్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. పక్కనే పిచ్చుకో, గొరవంకో ఉంటే, అది ఒక్కొక్క గుక్కకూ తల పైకెత్తి మింగడం చూసి తేడా తెలుసుకోవచ్చు. తల దించి ఉండే ఆ కొద్ది క్షణాలే గువ్వకు ప్రమాదకరం. అందుకే అది అంతసేపు తటపటాయిస్తుంది, తాగడం ముగియగానే అంత తొందరగా లేచిపోతుంది. ఆ సమయంలో మీరు కదిలితే అది దప్పికతోనే వెనుదిరుగుతుంది. మే నెల ఎండలో అది దానికి చిన్న కష్టం కాదు.

ఇంటి మిద్దె మీద గువ్వలకు నీళ్లు పెట్టేవారికి ఒక మాట. గొంతులో పుండ్లు కలిగించే ఒక పరాన్నజీవి వ్యాధి పావురాలకు, గువ్వలకు కలుషితమైన నీటి ద్వారా, మేత ద్వారా సోకుతుంది. మట్టి మూకుడును రోజూ కడిగి నీళ్లు మార్చండి. ఒళ్లు ఉబ్బించుకుని, మింగలేక నోరు తెరుచుకుని కూర్చున్న పక్షి కనిపిస్తే కొన్నాళ్లు నీళ్లు, గింజలు పెట్టడం ఆపి, పాత్రను శుభ్రంగా కడిగి ఎండలో ఆరనివ్వండి.

గుంపు దిగేటప్పుడు ఏం గమనించాలి

మేత నేలను కనుగొన్నాక, పక్షులు రాకముందే వెళ్లి, సూర్యుడు మీ వెనుక ఉండేలా, చెట్టు మొదలునో, గట్టునో ఆనుకుని కూర్చోండి. గువ్వ కళ్లు తలకు రెండు పక్కలా ఉండి, వెనుక ఒక సన్నని భాగం తప్ప చుట్టూ ఉన్నదంతా చూస్తాయి. మీరు దాక్కోవడం కంటే కదలకుండా ఉండడం ముఖ్యం. మట్టి రంగు బట్టలు చాలు, ప్రత్యేకమైనవి కొననక్కరలేదు. బైనాక్యులర్ ఎనిమిది రెట్లు చూపించేది సరిపోతుంది.

మొదట ఒకటి రెండు పక్షులు దగ్గరలోని తీగ మీదో, ఎండిన కొమ్మ మీదో వాలతాయి. అవి వెంటనే దిగవు. ఈ నిరీక్షణ ఎంతసేపు సాగిందో రాసుకోండి; కొత్త చోటైతే ఎక్కువ, రోజూ వచ్చే చోటైతే తక్కువ ఉంటుంది. ఒక పక్షి దిగి తలవంచి మేయడం మొదలుపెట్టాక మిగిలినవి వెంట వెంటనే దిగుతాయి. మేస్తున్న పక్షి అక్కడ గింజ ఉందని, ప్రమాదం లేదని, రెండు సంగతులూ ఒకేసారి తెలియజేస్తోంది. దూరం నుంచి వచ్చేవి కూడా ఖాళీ నేలకంటే గువ్వలున్న నేలనే ఎంచుకుంటాయి. వేటగాళ్లు కొయ్య గువ్వలను కంచెల మీద పెట్టి పక్షులను మోసగించగలిగేది ఈ నమ్మకాన్ని ఆసరా చేసుకునే.

దిగేటప్పుడు అవి గాలికి ఎదురుగా తిరిగి దిగుతాయి, లేచేటప్పుడు కూడా చాలావరకు గాలికి ఎదురుగానే లేస్తాయి. ఫొటోలో ముఖం రావాలనుకునేవారు గాలి తమ వీపు వైపు నుంచి వీస్తున్న చోట కూర్చోవాలి. అప్పుడు పక్షులు మీ వైపు ముఖం పెట్టి వాలతాయి. వెలుగు, గాలి రెండూ అనుకూలించే చోటు ప్రతి రోజూ దొరకదు. రెండింటిలో ఒకటే దొరికినప్పుడు నేను గాలికే విలువ ఇస్తాను.

నేల మీద గుంపు నిశ్చలంగా ఉండదు. ఒక పక్షిని ఎంచుకుని, అది ఎన్ని పొడుపులకు ఒకసారి తల ఎత్తుతోందో లెక్కపెట్టండి. తరువాత గుంపు మధ్యలో ఉన్న మరో పక్షిని, అంచున ఉన్న ఇంకో పక్షిని అలాగే లెక్కపెట్టండి. అంచున ఉన్నది ఎక్కువసార్లు తల ఎత్తడం మీరు గమనించవచ్చు. రెండే పక్షులు మేస్తున్నప్పుడు, ఇరవై పక్షులు మేస్తున్నప్పుడు ఒక్కొక్క పక్షి కాపలాకు వెచ్చించే సమయంలో తేడా కనిపిస్తుంది. గుంపులో చేరడం వల్ల గువ్వకు దక్కే లాభం ఇందులోనే ఉంది. బ్రిటన్‌లో రాబర్ట్ కెన్వర్డ్ అనే శాస్త్రవేత్త 1978లో ప్రచురించిన అధ్యయనంలో, శిక్షణ పొందిన పెద్ద డేగను అడవి పావురాల మీదికి వదిలి చూశారు. ఒంటరి పావురం మీద దాడులు దాదాపు 80 శాతం ఫలించగా, 50కి మించిన గుంపుల మీద 10 శాతం కూడా ఫలించలేదు. పెద్ద గుంపు డేగను చాలా దూరంలోనే పసిగట్టి లేచిపోవడమే దీనికి ముఖ్య కారణం.

గుంపు ఒక్కసారిగా లేచినప్పుడు

లేచిన గుంపు వైపు కాకుండా దానికి అవతల చూడడం అలవాటు చేసుకోండి. కొత్తవారి కళ్లు ఎగిరే పక్షుల వెంట పోతాయి. అప్పటికే కారణం కనుమరుగవుతుంది. ఆకాశంలో గద్ద చక్కర్లు కొడుతున్నా గువ్వలు చాలాసార్లు పట్టించుకోవు, తల వంచి ఒక కంటితో పైకి చూసి మళ్లీ మేస్తాయి. అదే డేగ చెట్ల వరుస పక్క నుంచి తక్కువ ఎత్తులో దూసుకొస్తే రెక్కల చప్పుడుతో ఒకేసారి లేస్తాయి. పక్షులు తల ఒకవైపు వాల్చి పైకి చూస్తూ నిలిచిపోతే ప్రమాదం ఆకాశంలో ఉంది. మెడలు నిక్కించి ఒకే దిక్కుకు చూస్తుంటే అది నేల మీద, పిల్లో కుక్కో మనిషో అయి ఉంటుంది.

రెక్కల చప్పుడు గురించి కొంచెం జాగ్రత్తగా వినాలి. భయపడి లేచిన గువ్వ రెక్కలు టపటపమని గట్టిగా మోగుతాయి, మామూలుగా చోటు మార్చుకునేది అంత చప్పుడు లేకుండా ఎగురుతుంది. ఆస్ట్రేలియాలో జుట్టు పావురం మీద జరిపిన పరిశోధనలో, ఆ పక్షి రెక్కలోని ఒక సన్నని ఈక చేసే శబ్దమే మిగతా పావురాలకు ప్రమాద సంకేతంగా పనిచేస్తుందని 2017లో రుజువైంది. ఇక మగ గువ్వ ఒంటరిగా రెక్కలు టపటపలాడిస్తూ నిటారుగా పైకి లేచి, తోక విప్పి, వంపు తిరుగుతూ జారుతూ దిగితే అది భయం కాదు, జత కోసం చేసే ప్రదర్శన. ఈ రెండింటినీ కలిపి రాసుకుంటే మీ లెక్కలు తారుమారవుతాయి.

చెదిరిన గుంపు తిరిగి వచ్చే తీరు కూడా చూడండి. డేగ వల్ల లేచినవి చాలాసేపు రావు, వచ్చినా జంటలుగా, అంచెలంచెలుగా వస్తాయి. మీ వల్ల లేచినవి అయితే ఆ రోజుకు అక్కడి నుంచి మీరే తప్పుకోవడం మంచిది.

రాత్రి బస దగ్గర లెక్కించడం

గుంపు పరిమాణం తెలియాలంటే సాయంత్రం బస చెట్ల దగ్గర లెక్కించాలి. సర్కారు తుమ్మ పొదలు, తుమ్మ చెట్లు, వెదురు గుబుర్లు, మామిడి తోటలు గువ్వలకు ఇష్టమైన బసలు. ముళ్లు, ఒత్తైన ఆకులు పిల్లి నుంచి, గుడ్లగూబ నుంచి కాపాడతాయి. సూర్యాస్తమయానికి కనీసం గంట ముందు చేరండి. పడమటి ఆకాశం నేపథ్యంగా ఉండేలా కూర్చుంటే పక్షుల ఆకారాలు స్పష్టంగా కనిపిస్తాయి, కాని జాతి గుర్తులు కనిపించవు. జాతి తేల్చాలంటే తూర్పు వైపు తిరిగి కూర్చోవాలి. ఇద్దరు కలిసి వెళ్లి చెరో పని చేస్తే మేలు.

చెట్లలో వాలాక లెక్కించడం సాధ్యం కాదు. వచ్చే దారిలోనే లెక్కించాలి. గువ్వలు చెట్ల వరుస, కాలువ, కరెంటు లైను వంటి ఆనవాళ్ల వెంబడి ఎగురుతాయి కనుక, ఒక స్తంభాన్ని గీతగా పెట్టుకుని దాన్ని దాటిన పక్షులను మాత్రమే లెక్కించండి. చిన్న జట్లను ఒక్కొక్కటిగా, పెద్ద గుంపులను పదులుగా లెక్కించాలి. ముందు పది పక్షులు ఎంత చోటు ఆక్రమిస్తాయో కంటితో పట్టుకుని, మొత్తం గుంపు అలాంటివి ఎన్ని చోట్లకు సమానమో చూడాలి. ప్రతి పది నిమిషాలకూ ఒక అంకె రాసుకుంటే ఏ వేళకు రాక ఉధృతంగా ఉందో తరువాత తెలుస్తుంది. ప్రతిసారీ అదే స్తంభం దగ్గర, సూర్యాస్తమయానికి అంతే సమయం ముందు లెక్కించకపోతే ఒక నెల అంకెను మరో నెల అంకెతో పోల్చలేరు.

సంక్రాంతి రోజుల్లో ఈ పని చేసేవారు పైకి మాత్రమే కాక చెట్లలోకి కూడా చూడాలి. పతంగుల మాంజా కొమ్మలకు చిక్కుకుని, పక్షులు బసకు చేరే మసక వెలుతురులో వాటి రెక్కలను కోస్తుంది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో సింథటిక్ మాంజాను దేశమంతటా నిషేధించినా దాని తునకలు నెలల తరబడి చెట్లలో వేలాడుతూనే ఉంటాయి. చేతికి అందే దారాన్ని కత్తిరించి, చుట్టి వెంట తెచ్చేయండి.

రాసుకోవడం, పంచుకోవడం

తేదీ, చోటు, వెలుతురు, గాలి దిక్కు, జాతి, సంఖ్య, చేస్తున్న పని, నేల మీద ఏ పంట ఏ దశలో ఉంది అన్నవి ప్రతిసారీ రాయండి. పక్షులు లేని రోజు కూడా రాయండి. మూడు వారాలు గుంపు దిగిన పొలంలో నాలుగో వారం ఒక్క పక్షీ లేదంటే, దున్నడమో, కొయ్యకాళ్లు తగలబెట్టడమో, నీరు పెట్టడమో జరిగి ఉంటుంది, ఆ కారణం అక్కడే దొరుకుతుంది. పక్షుల లెక్కలను అందరూ నమోదు చేసే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో రాసేవారు గువ్వలు మామూలు పక్షులే కదా అని సంఖ్య బదులు గుర్తు పెట్టి ఊరుకుంటారు. దయచేసి అంకె వేయండి. కొత్తవారు డెక్కన్ బర్డర్స్ వంటి సంఘాల వారితో కలిసి వెళితే జాతుల గుర్తింపు త్వరగా పట్టుబడుతుంది.

గూళ్లున్న చెట్టును, వేల సంఖ్యలో పక్షులు చేరే బసను మాత్రం సామాజిక మాధ్యమాల్లో కచ్చితమైన స్థలంతో పెట్టకండి. అమెరికాలో ప్రయాణికుల పావురం గుంపులు ఎక్కడ దిగాయో టెలిగ్రాఫ్ ద్వారా తెలుసుకుని, రైళ్లలో వెళ్లి, బసల దగ్గరే వేల కొద్దీ చంపారు. ఆ జాతిలో చివరి పక్షి మార్తా 1914 సెప్టెంబరు 1న సిన్సినాటి జూలో మరణించింది. మన గువ్వలు ఆ స్థితిలో లేవు, కాని బస చెట్టు దగ్గర వల కట్టడానికి ఒక్క ఫోన్ సందేశం చాలు. పొలంలో గాని, తోటలో గాని సన్నని నైలాన్ వల, గింజలు చల్లిన ఉచ్చు కనిపిస్తే వాటిని మీరే కోసివేయకుండా, దూరం నుంచి ఫొటో తీసి, స్థలం గుర్తు పెట్టుకుని, దగ్గరలోని అటవీ రేంజ్ కార్యాలయానికి లేదా 112కు ఫోన్ చేయండి. వల అక్కడ ఉన్నట్లు అధికారులు స్వయంగా చూస్తేనే కేసు నిలబడుతుంది. వలలో పక్షి ఇంకా కొట్టుకుంటూ ఉంటే ఆ సంగతిని ఫోన్‌లో ముందుగా చెప్పండి.